ముఠా వేలిముద్రలు వేసిన వ్యాసం

పందొమ్మిది వందల ఇరవైల చివర్లో, నేను రంగూన్‌లో కాలేజీ చదువుతున్నప్పుడు, మా ఇంగ్లీషు మాస్టరు గారు ఒక వ్యాసం రాసుకురమ్మన్నారు. రేవులో ఓడల పని బర్మా వాళ్ళకి దక్కాలా, ఇండియా నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళకి దక్కాలా అన్నది విషయం. క్లాసులో ఓడెక్కి వచ్చిన కూలీల కొడుకుని నేనొక్కణ్ణే. మా అయ్య ఓడల్లోకి బియ్యం బస్తాలు ఎక్కించే ముఠాకి మేస్త్రీ. ఏ పక్షం రాస్తావని నన్నెవరూ అడగలేదు.

అయితే మాస్టరు గారు ఒక మెలిక పెట్టారు. అవతలివాడి వాదన ముందు రాయాలి. అదీ అవతలివాడు చదివి “నేనైనా ఇంతకన్నా బాగా చెప్పలేను” అనేలా రాయాలి. ఆ తర్వాతే మన మాట. అలా రాయకపోతే అది వ్యాసం కాదు, పోట్లాట అన్నారు. ఆయనకేం, ఏ పక్షం గెలిచినా ఆయన భోజనం ఆయనకుంది.

అవతలి పక్షం కోసం నా పక్కన కూర్చునే బర్మా స్నేహితుణ్ణి పట్టుకున్నాను. వాళ్ళది నది అవతల ట్వంటే అనే ఊరు. పొలం చేజారిపోయాక వాళ్ళ నాన్న పడవెక్కి రేవుకొచ్చాడట. ఏ ముఠా దగ్గరికెళ్ళినా మేస్త్రీ తన ఊరివాళ్ళనే పిలుచుకుని ఈయన్ని పక్కకి నెట్టేసేవాడట. “సొంత దేశంలో పని అడగడానికి ఆయన మీ భాష నేర్చుకోవాల్సొచ్చింది” అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నాకు తేలికగా ఉండేది. ఆ మేస్త్రీల్లో మా అయ్య కూడా ఉన్నాడా అని నేను అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం మా పక్షానికి కారణాలు చెప్పమని అయ్యని అడిగాను. అక్కడే వచ్చింది తంటా. మా వాళ్ళ దృష్టిలో ఇంగ్లీషులో కాగితం రాశారంటే అది దొరకి పెట్టుకునే అర్జీయే. ఇంకో రకం కాగితం ఉంటుందని వాళ్ళకి తెలీదు.

“మన పని తీసీత్తారేటి? ఎవులన్నారు?” అని అయ్య చుట్ట పక్కన పెట్టేశాడు.

“నేదయ్యా, కాలేజీలో రాయమన్నారు, అంతే.”

“ఊరికే ఎందుకు రాయమంతారు? కాలేజీ దొరా, రేవు దొరా ఒక్కటే గదా.”

మేమంతా కలిసి ఉండే చెక్క ఇంట్లో ఆ కబురు పాకడానికి ఎంతసేపు! ముఠా మొత్తం వచ్చి కూర్చుని తలో కారణం చెప్తే, అవతలి పక్షం కింద రాసుకున్నాను. వద్దని మొత్తుకుంటున్నా వినకుండా, నా సిరాబుడ్డిలోనే వేళ్ళు ముంచి చిత్తుప్రతి వెనకాల ఒక్కొక్కరే వేలిముద్రలు వేశారు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

“సదువు, ఇందాం” అన్నాడు అయ్య.

తెలుగులో చెప్పుకుంటూ చదివాను. మొదట ట్వంటే రైతు మాట. తర్వాత మా మాట: మేం లేందే ఓడలు కదలవని, ఎండా వానా అనక మోశామని, పిల్లల్ని కూడా ఈ ఊళ్ళోనే కన్నామని. చదవడం అయిపోయింది. మూపు కాయలు కాసిపోయిన ఒక పెద్దాయన నెమ్మదిగా అన్నాడు.

“ఆల్లు సెప్పిందే నాయంగుంది బాబూ. ఆల్ల ఊరు గదా.”

ఎవరూ కాదనలేదు. మా అయ్య కూడా కాదనలేదు. “మరైతే మనం ఎక్కడికెల్తాం?” అని వెనకనుంచి ఎవరో అడిగారు.

“ఆ ముక్క కూడా ఎట్టు” అన్నాడు అయ్య. పెట్టాను. మాస్టరు గారు ఆ వాక్యం కొట్టేసి, ప్రశ్న వాదన కాదని పక్కన రాశారు. అవతలి పక్షం న్యాయంగా, నమ్మించేలా ఉందనీ, సొంత పక్షమే బలహీనమనీ కింద రాసి, మంచి మార్కులే వేశారు. నా స్నేహితుడు చదివి భుజం మీద చెయ్యి వేశాడు. వాళ్ళ నాన్నకి వినిపిస్తానన్నాడు. ఆ చెయ్యి తీసేస్తే బాగుండుననిపించింది నాకు.

“దొర ఏటన్నాడు?” అని అయ్య రోజూ అడిగేవాడు. బాగుందన్నారని చెప్పేవాణ్ణి. ముఠా అంతా ఆ మాట నమ్ముకుంది.

వానలు పట్టాక ఒక ఉదయం రేవు గేటు దగ్గర మా ముఠాలో సగం మందినే లోపలికి పిలిచారు. మిగతా పని బర్మా ముఠాకిచ్చారు. దానికీ నా వ్యాసానికీ ఏ సంబంధమూ లేదు. అది మాస్టరు గారి బల్ల దాటి ఎక్కడికీ పోలేదు. ఎన్ని విధాల చెప్పినా అయ్య తలకెక్కలేదు. నన్ను తిట్టనూ లేదు. తడిసిన తలపాగా పిండుకుంటూ, “ఇంకో అర్జీ రాయి బాబూ. ఈపాలి ఆల్ల మాట ఎట్టకు. మన మాటొక్కటే ఎట్టు” అన్నాడు.

కాగితం ముందేసుకుని కూర్చున్నాను. అయ్య ఎదురుగా కూర్చుని నా కలం వైపే చూస్తున్నాడు. మా తరఫున ఏ వాక్యం మొదలుపెట్టినా, అది పూర్తికాకముందే దానికి జవాబు నాకు తెలిసిపోతోంది. చాలాసేపటికి అయ్య సిరాబుడ్డి మూత తీసి, వేలు ముంచి, ఆ ఖాళీ కాగితం కింద ముద్ర వేసి, లేచి వెళ్ళిపోయాడు.