డాక్టరమ్మ పీకిన తీగ

ఆ వీధిలో ఆమెను అందరూ తీగలక్క అంటారు. మేడ మీద గదిలో, మొగుడి కుట్టుమిషను పక్కనే, చిన్న ఇంటర్నెట్ వ్యాపారం నడుపుతుంది. కింద సెలూన్‌కూ, ఎదుటి మందుల షాపుకూ, చుట్టుపక్కల ఇళ్లకూ నెట్ వెళ్లేది ఆ గదిలోంచే. గదిలోకి మాత్రం రెండు కంపెనీల నుంచి వస్తుంది. అల్మరా వెనకనుంచి వచ్చే పసుపు తీగ పెద్ద కంపెనీది, కిటికీలోంచి వచ్చే నీలం తీగ చిన్న కంపెనీది. ఒకటి తెగినా రెండోది ఆదుకుంటుందని ఆమె ధీమా.

వట్టి మాటల ధీమా కాదు. వారం వారం, పట్టపగలు, అందరూ వాడుకుంటుండగానే ఒక తీగ పీకి చేత్తో పట్టుకుని కిటికీలోంచి కేకేస్తుంది.

"బాబాయ్, ఆగిందా?"

"ఎక్కడాగిందమ్మాయ్, నెట్‌లో పాట పాడుతూనే ఉంది!" అంటాడు కింద సెలూన్ బాబాయ్, చేతిలో కత్తెర ఆపకుండా.

వీధి చివర స్కానింగ్ సెంటర్ ఆమెను మొట్టమొదట నమ్మిన చోటు. అక్కడ తీసిన బొమ్మలు వేరే ఊళ్లోని నిపుణుడికి వెళ్లాలి. ఆయన చూసి చెప్పేదాకా రోగి బల్ల మీదే పడుకుని ఉండాలి. ఇంట్లో నడిపే నెట్‌ను నమ్ముకుంటే నట్టేట మునుగుతారని ఓ సేల్స్‌మన్ ఆ సెంటర్ డాక్టరమ్మ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. ఆమె వెళ్లిపోతే మిగతావాళ్లూ ఒక్కొక్కరే జారుకుంటారు. తీగలక్కకు భయం వేసింది. కానీ ముఖంలో కనపడనిస్తుందా! "మీరే వచ్చి చూడండి డాక్టరమ్మా" అని దర్జాగా పిలిచింది.

డాక్టరమ్మ వచ్చింది. తీగలక్క అలవాటుగా నీలం తీగ మీద చెయ్యి వేసింది.

"ఆగండాగండి, నేను పీకుతా" అంటూ డాక్టరమ్మ అల్మరా వెనక్కి చెయ్యి దూర్చి పసుపు తీగ లాగేసింది.

కింద పాట ఆగిపోయింది.

"ఆగిందమ్మాయ్!" బాబాయ్ కేక వీధంతా వినిపించింది.

కుట్టుమిషను కూడా ఆగింది. మొగుడు తలెత్తకుండానే, "ఇన్నాళ్లూ నువ్వు పీకింది నీలం తీగేగా?" అన్నాడు.

నిజమే. అల్మరా జరపడానికి బద్ధకించి, చేతికందే తీగనే పీకి మురిసిపోయింది మహాతల్లి! ముఖం మాడిపోయినా, వెంటనే కంప్యూటర్ తెర వంక చూసింది. నీలం తీగ మీదుగా అన్నీ బయటికి పోతున్నాయి. జవాబులే రావడం లేదు. అప్పుడు వెలిగింది. ఈమధ్య తన నెట్‌కు సొంత చిరునామాలు తెచ్చుకుంది. ఆ చిరునామాలకు చేరాలంటే 'మా మీదుగా రండి' అని రెండు కంపెనీలూ బయటి లోకానికి చాటాలి. పెద్ద కంపెనీకి చెప్పింది, చిన్న కంపెనీకి చెప్పడం మరిచింది. ఇల్లు మారి, ఆ సంగతి ఒక్క చుట్టానికే చెప్పి ఊరుకున్నట్టయింది.

"తప్పు నాదే డాక్టరమ్మా. కూర్చోండి, మీ కళ్లముందే సరిచేస్తా" అని పసుపు తీగ మళ్లీ పెట్టి, చిన్న కంపెనీ ఇంజనీరుకు ఫోన్ చేసింది.

"తమ్ముడూ, మా చిరునామాలు మీ వైపు నుంచి కూడా చాటించాలి."

"మీరు ఇంతవరకూ అడగనేలేదు కదక్కా?"

"అడగలేదు. బుద్ధొచ్చింది, ఇప్పుడడుగుతున్నా. అవి మావేనన్న కాయితాలు పంపించా, చూడు."

డాక్టరమ్మ మంచినీళ్లు తాగుతూ రెండుసార్లు గడియారం చూసుకుంది. తీగలక్క ఊరికే కూర్చోలేక, మొగుణ్ణి ఓ చెయ్యి వెయ్యమని అల్మరాను గోడ నుంచి ఇవతలికి లాగింది. పనైందని ఇంజనీరు నుంచి ఫోన్ వచ్చింది. తీగలక్క తెర మీద తానూ చూసుకుని లేచింది.

"ఇప్పుడు పీకండి. ఏది కావాలంటే అది."

డాక్టరమ్మ మళ్లీ పసుపుదే పీకింది. పాట తడబడింది. మళ్లీ అందుకుంది.

"బాబాయ్, ఆగిందా?"

"లేదమ్మాయ్!"

డాక్టరమ్మ తీగ ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది. తీగలక్క ఉండబట్టలేక అడిగేసింది. "మరి ఆ సేల్స్‌మన్‌కు ఏం చెప్తారు?"

"ఆయన దగ్గరా పీకి చూస్తానన్నా. ముట్టుకోనివ్వలేదు" అంది డాక్టరమ్మ. "వచ్చే వారం మళ్లీ వస్తా. ఏ తీగ పీకుతానో మాత్రం ముందు చెప్పను."

ఆమె మెట్లు దిగాక మొగుడు అల్మరాను గోడకు జరపబోయాడు.

"ఉండనివ్వండి" అంది తీగలక్క.