నేర్చుకోవడం మానని వుబ్షెత్

దెస్సే ఊళ్లో తేనె కల్లు పులియబెట్టడం రాని మనిషి ఒక్కడే. రిటైరైన బస్సు డ్రైవరు వుబ్షెత్. రెండేళ్లుగా నేర్చుకుంటూనే ఉన్నాడు. ఇంత శ్రద్ధగా ఏమీ నేర్చుకోని మనిషిని పొరుగింటి అస్నాకెచ్ తన డెబ్బై ఏళ్లలో చూడలేదు.

ఒకప్పుడు ఆ వీధి పెళ్లిళ్లన్నిటికీ తేనె కల్లు ఆవిడ చేతిదే. రెండేళ్ల కిందట భర్త పోయాక కుండలు బోర్లించేసింది. ఎవరడిగినా, "నా చేతి రుచి ఆయనతోనే పోయింది" అని తలుపు వేసుకునేది. ఆ తలుపే వుబ్షెత్ బాదేవాడు.

"అక్కా, ఒక్క గుక్క తాగి చెప్పు. ఏం తక్కువైంది?"

"బుర్ర."

మొదటి కుండలో గేషో పుల్లలు వేయడం మరిచాడు. చేదు పట్టించి పులియబెట్టేవి అవే. "దేవుడే పులియబెడతాడనుకున్నా" అన్నాడు. రెండో కుండలో ఊరంతటికీ సరిపడా వేశాడు. మూడోదాన్ని గంటకోసారి మూత తీసి పలకరించాడు.

"ఊపిరాడుతోందో లేదో చూశానక్కా."

"నువ్వు చూడబట్టే ఆడలేదురా!"

అసలు ఘనకార్యం నాలుగోది. తేనె పోసే ముందు కుండకు అడవి ఆలివ్ కట్టెతో పొగ పెట్టాలి. ఈ మహానుభావుడు పెరట్లో దొరికిన నీలగిరి కట్టెతో పెట్టాడు. ఒక్క గుక్కకే అస్నాకెచ్‌కు చలికాలం నుంచి మూసుకుపోయిన ముక్కు తెరుచుకుంది.

"ఇది తాగేది కాదురా, ఛాతీకి రాసుకునేది."

అంతలో ఆవిడ మనవరాలికి పెళ్లి కుదిరింది. కల్లు దుకాణంలో కొందామనుకుంటూ ఉండగా వుబ్షెత్ గరిటె పట్టుకుని వచ్చాడు.

"కొనడమేంటక్కా, నేను లేనూ? కుండ కడిగేశాను. సబ్బుతో."

అస్నాకెచ్‌కు పెళ్లివారి ముందు పరువు పోవడం కళ్లకు కట్టింది. రెండేళ్ల తర్వాత మొదటిసారి చెంగు బిగించి, బోర్లించిన తన కుండ తిరగేసి, అతని చేతిలో గరిటె లాక్కుంది.

"అవతలికి పో! ఈ కుండ ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా."

అతను బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పెళ్లిరోజున కల్లు బంగారంలా మెరిసింది. దెబ్రె మార్కోస్ నుంచి వచ్చిన వుబ్షెత్ అక్క జెనెబెచ్ ఒక గుక్క తాగి, "ఇది మావాడి చేతిది కాదే" అంది.

"వాడికి చేతనైతేగా" అంది అస్నాకెచ్.

"అదేంటమ్మా! మా అమ్మ కల్లు దుకాణంలో కుండలన్నీ కలిపింది వాడే. వాడి కల్లు కోసం పక్క ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు."

అస్నాకెచ్ ఆ నాలుగు కుండలనూ ఒక్కొక్కటే గుర్తుచేసుకుంది. ఒకే కల్లును ఇన్ని రకాలుగా, ఒకసారి చేసిన తప్పు మళ్లీ చేయకుండా చెడగొట్టాలంటే ఎంత తెలిసుండాలి! అవతల వుబ్షెత్ పెళ్లివారితో, "నాకింకా మూత పెట్టడమే రాదండీ, అంతా అక్క చేతి మహిమ" అంటున్నాడు. ఆవిడకు ముందు కోపం వచ్చింది. ఆ వెనకే దాన్ని మించిన ప్రేమ వచ్చింది.

"ఒరేయ్ వుబ్షెత్!"

"అక్కా?"

"ఆదివారం కుండ పట్టుకురా, నేర్పిస్తా. పొగ మాత్రం నువ్వే పెట్టి తేవాలి."

"అలాగేనక్కా" అని, పెళ్లివారందరూ చూస్తుండగా అమాయకంగా బుర్ర గోక్కున్నాడు. "ఇంతకీ ఏ కట్టెతో?"