పిడికిలి బియ్యానికి రెండు సంచులు

నా చిన్నప్పుడు మా గుడిలో పిల్లలకని ఒక పెద్ద పని ఉండేది. శనివారం ఉదయం ఇల్లిల్లూ తిరిగి పిడికిలి బియ్యం పోగుచేయడం. గుడి అని మేము అనేది చర్చినే. తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు పోయే రోడ్డు దిగి, చెరకు తోటల మధ్య చాలా దూరం నడిస్తే మా ఊరు. తెలుగు మాట్లాడే విశ్వాసుల ఇళ్ళు ఓ ముప్పై ఉండేవి. పొయ్యి మీదికి బియ్యం కొలిచేటప్పుడు ప్రతి ఇంటి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి పక్కన చిన్న కుండలో వేసేది. వారమంతా అలా చేరిన బియ్యమే మా పాస్టరుగారి ఇంటికి తిండి. ఆయన్ని అందరం అయ్యగారు అనీ, ఆయన భార్యని అమ్మగారు అనీ పిలిచేవాళ్ళం. ఇద్దరూ నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు.

బియ్యం పోగుచేసే పిల్లలకి నేను నాయకురాలిని. నాకు పదేళ్ళు ఉంటాయి. నా భుజాన ఎప్పుడూ రెండు సంచులు వేలాడేవి. ఒకటి పచ్చిబియ్యానికి, ఒకటి ఉప్పుడు బియ్యానికి. మావాళ్ళలో సగం ఇళ్ళు చిత్తూరు వైపు అలవాటును వదలకుండా పచ్చిబియ్యమే వండుకునేవి. మిగతా సగం, చుట్టుపక్కల తమిళం వాళ్ళని చూసి, వడ్లను ఉడకబెట్టి ఎండేసి దంచిన ఉప్పుడు బియ్యానికి మారిపోయాయి. ఏ ఇంట్లో ఏది వండుతారో నాకు కంఠతా వచ్చు. ఒక్క గింజ సంచి తప్పేది కాదు. ఈ సంగతిని ఎవరూ గమనించలేదు, ఒక్కరూ మెచ్చుకోలేదు. అది నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఏడాదికి ఒకసారి పిల్లల ఆదివారం వచ్చేది. ఆ రోజు వాక్యం పిల్లలే చదవాలి. ఆ ఏడు నా వంతు. మాకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు ఆదివారం పూట పలక మీద దిద్దుకున్నంతే. ఏ భాగం చదవాలో ముందు రోజు ఎవరూ చెప్పలేదు. గుడిలోకి అడుగుపెట్టిన తర్వాత పుస్తకం తెరిచి చేతికిచ్చారు. రెండు వచనాలు ఎలాగో లాగాను. మూడో వచనంలో ఒక పొడుగాటి మాట దగ్గర ఆగిపోయాను. వెనక్కి వచ్చి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే ఆగాను.

ముందు వరసలో కుర్చీ వేసుకుని మా పెదనాయన కూర్చుని ఉన్నాడు. మా నాయనకి సొంత అన్న, గుడికి పెద్ద. ఆయన మాట దాటి గుడిలో గంట కూడా మోగేది కాదు.

"చాల్లే, కూచో. నోరు తిరగనోళ్ళకి ఈ గుడిలో ఏం పని? తిరువళ్ళూరులో అరవ గుడి ఉండాది, ఆడికి పోయి చదువుకోండి" అన్నాడు, అందరూ వినేలాగా.

ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో నవ్వారు. ఎవరు నవ్వారో నాకు తెలుసు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

నేను కూర్చోలేదు. పుస్తకం మూసి బల్ల మీద పెట్టి నేరుగా బయటికి నడిచాను. మరుసటి ఆదివారం గుడికి పోలేదు. మా అమ్మ తిట్టింది, మా నాయన చెయ్యెత్తాడు, నేను కదలలేదు. నేను పోకపోయేసరికి నా వెనక తిరిగే పిల్లలు కూడా మానేశారు. ఆదివారం ఉదయం గుడి గంట మోగుతుంటే మేము రోడ్డు మీద మిల్లుకు పోయే చెరకు బండ్ల వెనక పరుగెత్తి గడలు లాక్కుని నమిలేవాళ్ళం. శనివారం బియ్యానికీ పోలేదు. నాయకురాలు అలిగిన తర్వాత ఇంక బియ్యమేంది?

మేము లేకపోతే ఏమీ ఆగిపోదని చూపించాలనుకున్నాడు మా పెదనాయన. గుడి వాకిట్లో ఒక పెద్ద రేకు డబ్బా పెట్టించి, ఎవరి పిడికిలి బియ్యం వాళ్ళే తెచ్చి అందులో పోయమన్నాడు. పచ్చిదీ ఉప్పుడుదీ అన్నీ అందులోనే పడ్డాయి. వాటిని వండాల్సిన వాళ్ళ గురించి ఆయన ఆలోచించి ఉంటే కదా!

అలా ఆరు ఆదివారాలు. గుడిలో పిల్లలు కూర్చునే ఈతచాప ఆరు వారాలు ఖాళీగా పరిచి ఉందని మా అమ్మ చెప్పేది. నేను లోపల సంతోషపడేదాన్ని. కానీ ఆరో వారం ఇంకో మాట కూడా చెప్పింది. రెండు కుటుంబాల వాళ్ళు, పిల్లలు ఇలాగే రాకుండా ఉంటే మేము తిరువళ్ళూరు తమిళం చర్చికే పోతామని అయ్యగారితో అన్నారట. అయ్యగారు కన్నీళ్ళు పెట్టుకుని, పిల్లలు లేని గుడి ఎన్నేళ్ళు నిలబడుతుంది అని అడిగారట. ఆ రాత్రి నాకు అన్నం సరిగా సహించలేదు. అయినా నేను మెట్టు దిగలేదు. మొదట దిగాల్సింది ఆయన.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్నే అమ్మగారు కబురు పెట్టారు. గుడికి రమ్మని కాదు, వంటకి సాయం కావాలని. ఆమె ఎప్పుడూ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ మాట్లాడే మనిషి. గొంతు పెంచడం నేను వినలేదు. ఆమె మీద నాకు కోపం లేదు కాబట్టి పోయాను. నా ముందు ఒక చాట పెట్టి, ఆ రేకు డబ్బాలోని బియ్యం రెండు దోసిళ్ళు పోసి, "పచ్చివి ఒక పక్కకి, ఉప్పుడువి ఒక పక్కకి ఏరతావా పాపా?" అన్నారు. పచ్చిబియ్యం తెల్లగా ఉంటుంది, ఉప్పుడు బియ్యం పసుపు చాయగా ఉంటుంది. తేడా తెలుస్తుంది. కానీ గుడిలో ఆరాధన మొదలై ముగిసేదాకా ఏరితే ఒక చిన్న గిన్నె కూడా నిండలేదు. నా కళ్ళు మండాయి. ఈ ఇంట్లో ఇన్ని వారాలుగా ఏం తింటున్నారో అప్పుడు తెలిసింది.

ఆ రోజు మా పెదనాయనకి అక్కడే భోజనం. రెండు నెలలకొకసారి సంఘం పనులు మాట్లాడుకున్నాక ఆయన అయ్యగారింట్లో తినడం అలవాటు. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే నేను వచ్చి ఉండేదాన్ని కాదు. అమ్మగారికీ అది తెలుసు. నేను ఏరిన గిన్నెను పక్కన పెట్టి, డబ్బాలో బియ్యం అలాగే తీసి, కడిగి, మరిగే ఎసట్లో ఒక్కసారే పోసేశారు. నేను నోరు తెరవబోతే వేలు పెదవుల మీద పెట్టుకున్నారు.

వడ్డించింది నేనే. మా పెదనాయన నా వైపు చూడలేదు, నేనూ ఆయన వైపు చూడలేదు. ఆయనకి అప్పటికే వెనక పళ్ళు సగం లేవు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి ఆగిపోయాడు.

"ఏందమ్మా ఈ కూడు? సగం గంజి, సగం గులకరాళ్ళు!"

"ఏం చేసేదన్నా, డబ్బాలో అంతా కలిసే ఉండాది కదా. ఒకే కుండలో ఒకేసారి పోసినాను. ఒకేసారి ఉడకాల గదా?" అన్నారు అమ్మగారు, ఏమీ తెలియనట్టు.

"యాడన్నా ఉడుకుతుందా తల్లీ! ఉప్పుడు బియ్యం ముందే నానేసి, ముందే పొయ్యెక్కించాల. అది సగం మెత్తబడినాక పచ్చిబియ్యం పోయాల. దేనికి పట్టే పొద్దు దానికియ్యాల. ఇన్నేండ్లుగా వండతా ఉండావు, ఇది కూడా తెలీదా?"

"తెలుసన్నా. ఈ పాపకీ తెలుసు. అందుకే రెండు సంచులు మోసేది." ఆమె మజ్జిగ పోస్తూ అదే గొంతుతో అన్నారు. "ఆ పొద్దు గుడిలోకి వచ్చినాక పుస్తకం ఇచ్చినాము. ముందు రోజే ఇచ్చుంటే చదివేది."

అయ్యగారు తల వంచుకుని ఆ అన్నాన్నే బుద్ధిగా నములుతున్నారు. మా పెదనాయన చెయ్యి ఆకులోనే ఆగిపోయింది. తర్వాత ఆ ఆకులో ఉన్నది గింజ మిగల్చకుండా, ఒక్కొక్క ముద్దా కష్టపడి నమిలి తిన్నాడు. చెయ్యి కడుక్కుని నా పక్కగా పోతూ ఒక్క క్షణం నిలబడ్డాడు. ఏదో అంటాడని చూశాను. గొంతు సవరించుకుని వెళ్ళిపోయాడు.

నేను వంటింట్లోకి పరుగెత్తి నవ్వు ఆపుకోలేకపోయాను. అమ్మగారు గిన్నెలు తోముతున్నారు.

"ఎందుకే నవ్వు?"

"పెదనాయన మొహం చూసినారా అమ్మగారూ? ఆయనే ఆ గులకరాయి. మేమేమో పచ్చిబియ్యం. ఇట్టే ఉడికిపోతాము."

ఆమె నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపారు. "పిల్లకాయలు పచ్చిబియ్యమే. ఎవురు పిలిస్తే వాళ్ళతో వచ్చేస్తారు. నువ్వు కాదు పాపా. నువ్వు మీ పెదనాయన బియ్యమే. ఆరు వారాలైంది, మెత్తబడినావా?"

నా నవ్వు ఆగిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె కూడా నన్ను అవమానించారనుకున్నాను. ఆ వంటింట్లోంచి కూడా నడిచి వెళ్ళిపోదామని గడప దాకా పోయాను. అప్పుడు ఆమె వెనక నుంచి వచ్చి, బూడిద అంటిన తడి చెయ్యి నా తల మీద పెట్టారు.

"గట్టిది చెడ్డది కాదమ్మా. తెల్లారి చద్దికి నిలిచేది అదే. పొయ్యి మాత్రం కాస్త ముందుగా రాజేసుకోవాల. ఎవురో వచ్చి రాజేస్తారని కూచుంటే ఆకలితో ఉండే వాళ్ళంతా లేచిపోతారు."

ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది. కానీ ఆ చెయ్యి పూర్తిగా అర్థమైంది. ఆ తర్వాతి శనివారం రెండు సంచులూ భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. పిల్లలంతా నా వెనకే వచ్చారు. ఆదివారం ఈతచాప మీద జాగా చాలలేదు. ఆ రెండు కుటుంబాలూ తిరువళ్ళూరు పోలేదు. గుడి వాకిట్లో రేకు డబ్బా కనిపించలేదు. ఎవరు తీయించారో ఎవరూ చెప్పలేదు. ఇంకో మార్పు కూడా వచ్చింది. అప్పటినుంచి, చదవాల్సిన వాక్యాన్ని శనివారం సాయంత్రమే పిల్లలకిచ్చి, తప్పులు దిద్ది, రెండుసార్లు చదివించేవారు. అలా చేయమన్నది మా పెదనాయనే అని అయ్యగారు తర్వాత మా నాయనతో అన్నారు. నాకు మాత్రం ఆయన ఒక్క మాటా చెప్పలేదు. తప్పయిపోయింది అనలేదు. పోయేదాకా అనలేదు. ఆ లెక్క నా దగ్గర అలాగే ఉంది. అయినా ఆయన చూపు మందగించిన రోజుల్లో, వాక్యం చదివి వినిపించడానికి ఎవరిని పిలవాలి అని ఇంట్లో అడిగితే, నా పేరే చెప్పేవాడు. నేను పోయి చదివేదాన్ని. ఎక్కడైనా తడబడితే ఆయన ఊరికే ఉండేవాడు. నేను మళ్ళీ మొదలుపెట్టేదాకా ఊరికే ఉండేవాడు.

ఇప్పుడు ఆ గుడికి రేకులూ లేవు, పెంకులూ లేవు. సిమెంటు కట్టడం. ముందు గోడకి టీవీ బిగించారు. మన తెలుగు పాటలే తమిళం అక్షరాల్లో దాని మీద కనిపిస్తాయి, ఎందుకంటే పాడే పిల్లలకి తెలుగు చదవడం రాదు. కీబోర్డు ఒకటి, డ్రమ్ముల సెట్టు ఒకటి. ఆ డ్రమ్ములు పెట్టడానికి, నేను ఇరవై ఏళ్ళుగా కూర్చునే కుర్చీని నన్ను ఒక్క మాట అడగకుండా కిటికీ పక్కకి జరిపారు. సంఘానికి మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. మూడింటి నకళ్ళూ నా దగ్గర ఉన్నాయి.

పాటలు నడిపించేది పక్కింటి అక్క మనవరాలు. తిరువళ్ళూరులో కాలేజీ చదువుతోంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి, "అవ్వా, నువ్వు అట్లా మూతి ముడుచుకుని కూచుంటే మాకు సురుతి తప్పిపోతా ఉండాది. పిల్లకాయలు నిన్ను చూసి భయపడి ప్రాక్టీసుకి రాము అంటా ఉండారు. ఇద్దరు ఇప్పటికే మానేసినారు" అంది. దానికి ధైర్యం ఎక్కువ. నాకు కోపం నెత్తికెక్కింది. ఇంటికి వచ్చి నాలుగో ఉత్తరం మొదలుపెట్టాను. మొదటి వాక్యంలో ఆ పిల్ల మాటనే రాశాను. ఇద్దరు మానేశారు అని. అక్కడ కలం ఆగిపోయింది. ఆ పిల్ల నన్ను అవమానించింది నిజమే. కానీ అది వచ్చి అడిగింది ఆ ఇద్దరి కోసం.

కుర్చీ సంగతి నేను మరిచిపోలేదు, మరిచిపోను. అది ఈ జన్మలో నాకు రాని విద్య. కానీ ఆ శనివారం సాయంత్రం వాళ్ళు కొత్త పాట నేర్చుకుంటుంటే పోయి వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఆ తర్వాతి శనివారమూ పోయాను. ఇప్పుడు ప్రతి వారమూ పోతున్నాను. మొదటి పావుగంట ఆ డ్రమ్ముల మోత గుండెల మీద కొట్టినట్టు ఉంటుంది. రెండోసారి పాడేసరికి పాటలో మాటలు వినిపిస్తాయి. మూడోసారికి ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ దించాలో నాకు తెలిసిపోతుంది. ఆదివారం పాట మొదలయ్యేసరికి నా మూతి మామూలుగా ఉంటుంది. ఒక్కో చోట నా గొంతు కూడా కలుస్తుంది. మానేసిన ఇద్దరిలో ఒకడు తిరిగి వచ్చాడు.

ఎందుకొస్తున్నావు అవ్వా అని పిల్లలు అడుగుతారు. ఊరికే అంటాను. మెత్తబడడానికి అందరికంటే నాకు కాస్త ఎక్కువ పొద్దు పడుతుందనీ, అందుకే ఒక రోజు ముందు వస్తున్నాననీ వాళ్ళకి ఎలా చెప్పేది?