నాన్న దించిన వేలు

బావ పెద్దకర్మ అయిన మర్నాడు, పలకరించడానికి వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, అక్క ధ్యాస కాసేపు మళ్ళించాలని మేనకోడలు టీవీ పెట్టింది. ఛానళ్ళు మారుస్తుంటే ఒకచోట బేస్‌బాల్ ఆట వస్తోంది. దాన్నీ మార్చబోతే అక్క వద్దంది. నేనూ అక్కా ఎందుకు ఒకరి ముఖం ఒకరం చూసుకున్నామో మేనకోడలికి తెలియదు. ఆ ఆటకూ తన పుట్టుకకూ ఉన్న సంబంధం మేమెన్నడూ చెప్పలేదు.

ఎనభైల నడిమి రోజులవి. నాన్న పోర్టులో ఫిట్టరు, సెలవు రోజుల్లో కాలనీ మైదానంలో క్రికెట్ అంపైరు. ఎత్తిన వేలు దించడని ఆయనకు పేరు, ఆ పేరంటే ఇష్టం కూడా. బావ జెట్టీ మీద గుమాస్తా, వాళ్ళ జట్టులో మంచి బ్యాట్స్‌మన్. ఆ ఏడు ఫైనల్లో బావ కొట్టబోయిన బంతి కీపర్ చేతిలో పడింది, నాన్న వేలెత్తాడు. బంతి బ్యాటుకు తగల్లేదని బావ అక్కడే ఒట్టేశాడు. జట్టు ఓడిపోయింది. తర్వాత చాలాకాలం జెట్టీ మీద స్నేహితులు ఆయన్ని వదల్లేదు.

“పండక్కి మీ మావ ఏటెట్టినాడు బావా, ఎత్తిన ఏలా?”

బావ మా గుమ్మం తొక్కడం మానేశాడు. అక్కకు ఏడో నెల వచ్చాక, నాన్న తన తప్పు ఒప్పుకునేదాకా పురిటికి కూడా పంపనని కబురు పెట్టాడు. ఆయనకు తల్లి లేదు, ఆ ఇంట్లో తొలికాన్పు సమయానికి అక్క పక్కన కూర్చునే ఆడదిక్కు లేదు. అమ్మ రోజూ వంటింట్లో కళ్ళు తుడుచుకునేది. నాన్న వినీ విననట్టుండేవాడు.

మా వరసలో టీవీ మా ఇంట్లోనే ఉండేది. శుక్రవారం సాయంత్రం ఇంగ్లీషు హాస్య ధారావాహిక ఒకటి వచ్చేది. మాటలు మాకు అర్థమయ్యేవి కావు గాని, టీవీలోంచి నవ్వులు వినబడగానే మేమూ నవ్వేవాళ్ళం. బావ వాళ్ళుండేది మా వెనక వరసలోనే; టీవీకి మాత్రం అక్కను వద్దనలేక, తనే నడిపించుకొచ్చి గేటు దగ్గర వదిలి, తాను మాత్రం కిటికీ ఊచలు పట్టుకుని బయటే నిలబడి చూసేవాడు.

ఒక శుక్రవారం ఆ కథలో తండ్రి, కొడుకు ఆడుతున్న ఆటకు అంపైరుగా నిలబడ్డాడు. అది క్రికెట్ కాదని పోల్చుకోవడానికే మాకు చాలాసేపు పట్టింది. కొడుకు బంతిని కొట్టి, బ్యాటు అవతల పారేసి, పరుగెత్తి దుమ్ములో జారిపడ్డాడు. అలవాటు కొద్దీ నాన్న కుర్చీలోంచి వేలెత్తేశాడు. టీవీలో తండ్రేమో రెండు చేతులూ బార్లా చాపాడు.

నాన్నకు కోపం వచ్చింది. “పరిగెత్తినోడికి వైడేటి, వీడి మొకం! బేటు పారేసినాడు, ఔటు!”

కిటికీ దగ్గర్నుంచి బావ ఉండబట్టలేకపోయాడు.

“వైడ్ కాదు మావా, అది నాటౌట్. ఆ ఆటలో బేటు పారేసే పరిగెత్తాల. ఓడలోళ్ళు జెట్టీ మీద ఆడతంటే నాను సూసినాను. తెలీని ఆటకి కూడా ఏలెత్తీడమేనా?”

నెలల తర్వాత నాన్నతో బావ అన్న మొదటి మాట అది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. నాన్న ఎత్తిన వేలుకేసి కాసేపు చూసుకుని, దాన్ని దించాడు. తర్వాత కిటికీ వైపు తిరిగి, సగందూరం వెళ్ళిపోయిన ఆటగాణ్ణి అంపైర్లు వెనక్కి పిలుస్తారే, అలా అదే చేత్తో పిలిచాడు. ఆయన ఎవరినైనా అలా పిలవడం మేమెప్పుడూ చూడలేదు.

“నాను తప్పుగా ఔటిచ్చినాను. ఎనక్కి రా, అల్లుడా.”

ఏ ఆట సంగతని ఎవరూ అడగలేదు. బావ చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు, ఎవరో జరిగి చోటిచ్చారు. ఆ వారంలోనే నాన్న వెళ్ళి అక్కను పురిటికి తీసుకొచ్చాడు. మేనకోడలు మా ఇంట్లో, అమ్మ చేతుల మీద పుట్టింది.

ఇప్పుడు అనుమానం వస్తే అంపైరు తెరకేసి చూస్తాడు, తీర్పు అక్కడినుంచి వస్తుంది. తప్పులు తగ్గాయి, మంచిదే. గదికో టీవీ ఉంది, కిటికీ బయట నిలబడి చూసేవాళ్ళు లేరు. మొన్న అక్క ఇంట్లో ఆ బేస్‌బాల్ ఆట చూస్తుంటే ఎవరో దుమ్ములో జారారు, అంపైరు చేతులు బార్లా చాపాడు. నాటౌటని మేనకోడలికి చెప్పి, అక్క లేచి లోపలికి వెళ్ళింది. బావ వెళ్ళిపోయాడు. చెయ్యెత్తి వెనక్కి పిలవడానికి నాన్న కూడా లేడు.