లంగరు గుర్తు పెట్టె

కేటా ఊరికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పుకయ్య. మధ్యనున్న ఇసుకదిబ్బ మీద కొబ్బరాకు కప్పుల ఇళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. ఎండాకాలంలో ఏ పొయ్యిలోంచో ఒక రవ్వ లేచిందంటే వాడ వాడంతా బూడిదే. అందుకని అక్కడి ఆడవాళ్ళు తమ బట్టల పెట్టెలు ఇంట్లో ఉంచుకోరు. రేవులో జర్మన్ దొరల రాతి గిడ్డంగి ఉండేది. అందులో ఓ మూల పెట్టించుకునేవాళ్ళు.

కొకుయి తల్లి కోసివా పెట్టె కూడా అక్కడే ఉండేది. కొకుయి పని కూడా ఆ గిడ్డంగి వసారాలోనే. కొబ్బరి, తాటిగింజలు నింపే గోనెసంచులు చిరిగితే కుట్టేది. చేతిలో జానెడు ఇనుప సూది. పోగును రెండుసార్లు వెనక్కి తిప్పి మెలేసి లాగేది. ఆమె కుట్టిన చోట సంచి మళ్ళీ చిరగదని పడవవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. భర్త సరిహద్దు అవతల లోమే రేవుకు పనికి వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. పుట్టిన ఒక్క బిడ్డా పురిట్లోనే పోయింది. మిగిలింది తల్లి ఒక్కతే.

పెట్టెకు గుర్తు వేయించింది కోసివాయే. గిడ్డంగిలోని సరుకు మీదల్లా కంపెనీ గుర్తుండేది, గొలుసు చుట్టిన లంగరు. ఆ గుర్తున్న దాన్ని దొంగ ముట్టుకోడు, ముడితే సిపాయిలొస్తారు. అందుకని గుమస్తా అమెగాషీకి ఒక కోడిపెట్టనిచ్చి తన పెట్టె మూత మీద కూడా తెల్లరంగుతో లంగరు వేయించింది. చూసిన ఆడవాళ్ళు ఇంకో ఆరుగురు అదే పని చేశారు. అమెగాషీ ఇంట ఆ ఏడు కోళ్ళకు కొదవలేదు.

ఆ తర్వాత ఆ తీరాన్ని ఏలే ఇంగ్లీషువాళ్ళకూ జర్మన్లకూ యుద్ధం వచ్చింది. జర్మన్ దొరలిద్దరినీ ఓడెక్కించి తీసుకుపోయారు. గిడ్డంగికి లక్కముద్ర పడింది. కొకుయి సూది చేతపట్టుకుని వెళితే, తలుపు ముందు కూర్చున్న సిపాయి, "పని లేదు, పో" అన్నాడు. రెండేళ్ళు ఆ తలుపు తెరవలేదు. రెండో ఏడు చివర్లో, శత్రువుల ఆస్తినంతా వేలం వేయడానికి అక్రా నుంచి ఒక ఇంగ్లీషు దొర దిగాడు. ఊరు ఆయనకు అమ్మకాల దొరని పేరు పెట్టింది. లంగరు గుర్తున్నదంతా శత్రువు సొత్తే అన్నాడాయన.

అప్పటికి కోసివా మంచం పట్టి మూడు నెలలైంది. చూపు పూర్తిగా పోయింది. పొద్దున్నే లేపి మొహం తుడిస్తే మొదట అడిగేది ఒకటే మాట.

"పెట్టె వచ్చిందా?"

"రాలేదమ్మా."

"ఎవరైనా తెరిచారంటనా?"

"ముద్ర ఉందమ్మా, ఎవరు తెరుస్తారు? తాళంచెవి ఉంటే చూపించి తెచ్చేదాన్నిగా."

"కయ్యలో పడిపోయిందని ఎన్నిసార్లు చెప్పనే నీకు?" అని గోడ వైపు తిరిగేది. మొక్కజొన్న పిండితో చేసిన అక్‌ప్లే ముద్ద సగం తిన్నది సగం గిన్నెలోనే ఎండిపోయేది.

తల్లి దిగులు దేనికో తనకు తెలుసనుకుంది కొకుయి. అక్కడ ఆడది చచ్చిపోతే మంచం మీద పడుకోబెట్టి, ఆడబిడ్డ వచ్చి అందరి ముందూ పెట్టె తెరుస్తుంది. ఒక్కో బట్ట పేరు పిలిచి మంచం చుట్టూ వేలాడదీస్తుంది. ఆ బట్టలే ఆమె బతికిన బతుకు. కోసివాకు పదకొండు బట్టలు. పెట్టె లేకపోతే ఉత్త మంచం మీద పడుకోవాలి. ఆడబిడ్డ అబ్లావి నోరా, ఊరంత నోరు. తల్లిని అలా పంపలేక కొకుయి అమెగాషీ ఇంటికి వెళ్ళింది.

"అన్నా, ఆ గుర్తు వేసింది నువ్వేగా. దొరకు ఒక్క మాట చెప్పు."

అమెగాషీ గొంతు తగ్గించాడు. "అరవకు తల్లీ! జర్మన్ల దగ్గర పదేళ్ళు చేశానని ఇప్పటికే వారానికోసారి స్టేషన్‌కి పిలుస్తున్నారు. కంపెనీ గుర్తు కోడికి అమ్మానని నేనే చెప్పుకోవాలా?"

"కోడిని తినేటప్పుడు లేదా ఈ భయం?"

"ఉంటే తినేవాణ్ణా?" అన్నాడు. ఆమె కదలకుండా గుమ్మంలోనే నిలబడింది. అతను నెత్తి గోక్కుని, "గుర్తు సంగతి నా నోట రాదు. దొర మాటలు మన మాటలో నీకు చెప్పేది మాత్రం నేనే. రేపు రా. లోపలేముందో నువ్వే చెప్పు" అన్నాడు.

మర్నాడు గిడ్డంగి ముందు ఊరి ఆడవాళ్ళంతా ఉన్నారు. అబ్లావి అందరికంటే ముందు నిలబడింది. "వెళ్ళవే కొకుయి, తీసుకురా. మా వదిన బట్టలు నా చేత్తో వేలాడదీయాలి" అంది. తలుపు దగ్గర సిపాయి కొకుయినొక్కదాన్నే లోపలికి వదిలాడు.

రెండేళ్ళ మూత వాసన. ఎండిన కొబ్బరి, ఎలుకలు. అమ్మకాల దొర స్టూలు మీద కూర్చుని రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. అమెగాషీ నేల చూస్తూ అడిగాడు. "లోపల ఏమున్నాయో పైనుంచి వరసగా చెప్పమంటున్నాడు. సరిపోతే తీసుకుపోవచ్చట."

కొకుయికి ఆ వరస తన వేళ్ళ లెక్కలా తెలుసు. చిన్నప్పుడు తల్లి ఒక్కోటీ విప్పి చూపించేది. "సవతి చూపు. దాని కింద ఏడు చేపల నీలం. తర్వాత పెళ్ళికూతురి నడక. మా నాన్న నేయించిన ఎర్రచారల బట్ట..." పదకొండూ చెప్పింది. అమెగాషీ ఇంగ్లీషులో చెబుతుంటే దొర రాసుకున్నాడు.

లంగరు గుర్తున్న ఏడు పెట్టెల్లో కొకుయి చూపించినదాని తాళం సిపాయి గడ్డపారతో పెకలించాడు. మూత లేచింది. పైన సవతి చూపు, పసుపు మీద నల్లకళ్ళ బట్ట, మడత చెదరకుండా ఉంది. దొర తలాడించాడు. కొకుయికి నవ్వొచ్చింది. రెండేళ్ళలో అదే మొదటి నవ్వు.

సిపాయి ఆ బట్ట తీశాడు. దాని కింద గోనె, ఆ గోనె కింద ఇంకో గోనె. పెట్టె అడుగుదాకా అవే, బట్టలు మడిచినట్టే నాలుగు మడతలుగా.

కొకుయి ఒక గోనెను చేత్తో తడిమింది. పోగు రెండుసార్లు వెనక్కి తిరిగి మెలేసుకుని ఉంది. ఆ కుట్టు తనదే.

బిడ్డ పోయిన ఏడు తను మూడు నెలలు జ్వరంతో పడి ఉంది. లోమేలో తెల్ల వైద్యుడి దగ్గరికి పడవలో తీసుకెళ్ళింది తల్లి. "డబ్బెక్కడిదమ్మా?" అంటే, "మీ మామయ్య ఇచ్చాడు" అంది. ఆ మామయ్య బతుకంతా ఎవరికీ ఒక చేప ముక్క కూడా పెట్టినవాడు కాదు. తనకు అప్పుడు అనుమానమైనా రాలేదు. ఆ వైద్యానికి చేసిన అప్పు తీరేదాకా, అమ్మడానికి ఒక్కో బట్టా తీసిన చోట బరువు తగ్గకుండా, వసారాలో పారేసిన పాత సంచులు ఏరి పెట్టింది తల్లి. ఎన్నిసార్లు వచ్చి ఉంటుంది? జ్వరం తగ్గాక తను పది బారల దూరంలో కూర్చుని కుడుతూనే ఉందిగా!

"పెట్టె వచ్చిందా" అని తల్లి రోజూ అడిగింది రావాలని కాదు. రాకూడదని.

దొర ఏదో అన్నాడు. అమెగాషీ చెప్పాడు. "పైబట్ట సరిపోయింది, గోనెలు నాకెందుకు, తీసుకుపొమ్మంటున్నాడు." తర్వాత పెదవులు కదపకుండా, "నీదేనని చెప్పి తీసుకుపో తల్లీ" అన్నాడు.

తలుపు సందులోంచి అబ్లావి పసుపు తలగుడ్డ కనిపిస్తోంది. పెట్టె ఇంటికొస్తే తెరిచేది ఆ చేతులే. అక్కడ బట్టలు లేవని, ఎవరో కాజేశారని చెప్పొచ్చు. అయితే ఈ గిడ్డంగి తాళాలు పదేళ్ళూ ఉన్నది అమెగాషీ మొలలో. అతన్ని కట్టేసి తీసుకుపోతారు. అతనికీ ఆ సంగతి తెలిసినట్టే ఉంది. మెడ మీద చెమట కారుతోంది, అయినా చెప్పాల్సింది చెప్పాడు.

కొకుయి సవతి చూపు మీద ఒక్కసారి చెయ్యి వేసింది. మెత్తగా ఉంది. తీసేసింది.

"ఇది మాది కాదని చెప్పన్నా. మా దాంట్లో పదకొండు బట్టలున్నాయి. ఇంకేదో అయివుంటుంది."

అమెగాషీ ఆమె మొహం చూసి, దొర వైపు తిరిగి రెండే మాటలు చెప్పాడు. సిపాయి మూత మూసి పెట్టెను కాలితో అవతలికి నెట్టాడు.

బయటికి రాగానే అబ్లావి చేతులు పట్టుకుంది. "ఏమైందే?"

"పోయిందత్తా. మన పెట్టె అక్కడ లేదు. ముద్ర వేసిన నాడే ఏ ఓడలోనో వేసి పంపేసినట్టున్నారు."

"పదకొండూనా! నీ ఇల్లు కూలా దొరా, నీ ఓడ మునగా!" అని అబ్లావి ఇసుక తీసి గిడ్డంగి గోడ మీదికి విసిరింది. ఆడవాళ్ళంతా తిట్టారు. కొకుయి కూడా వాళ్ళతో కలిసి నాలుగు తిట్లు తిట్టింది. మిగతావాళ్ళు దారిలో ఇంకా తిట్టుకుంటూనే ఉంటే, తను ఒక్కతే కయ్య గట్టు మీదుగా ఇంటికి నడిచింది.

"పెట్టె వచ్చిందా?"

"ఇక రాదమ్మా. మూత తెరవకుండానే పంపేశారట, సముద్రం అవతలికి."

"తెరవలేదా?"

"తాళం కూడా ముట్టుకోలేదట."

కోసివా కూతురి వైపు తిరిగింది. తర్వాత, "ఆకలేస్తోందే. చేప ఉందా?" అంది. కొకుయి అక్‌ప్లే ముద్దలు చేసి, ఎండుచేప పులుసులో ముంచి పెట్టింది. తల్లి మూడు ముద్దలు తింది. చెప్పేద్దామని కొకుయి రెండుసార్లు నోరు తెరిచింది. నేను బతకడానికేగా అమ్మా, అని. తల్లి కంచం తడుముతూ వేళ్ళు నాక్కుంటోంది. కొకుయి ఆ కంచంలో ఇంకాస్త పులుసు పోసింది.

తొమ్మిదో రోజున కోసివా పోయింది.

స్నానం చేయిస్తుంటే, బతికున్నన్నాళ్ళూ తల్లి ఎవరినీ తాకనివ్వని నడుము పూసల వరసలో గట్టిగా ఏదో తగిలింది. దారంతో కట్టిన చిన్న తాళంచెవి. తల దగ్గర నీళ్ళు పోస్తున్న అబ్లావి, "ఏమిటే అది?" అంది.

"పూస తెగిందత్తా" అని కొకుయి గుప్పిట్లో పెట్టుకుంది.

మంచం చుట్టూ కట్టిన తాడు ఖాళీగా ఉంది. ఊరంతా వచ్చింది. అబ్లావి ఆ తాడు ముందు నిలబడి, ఒక్కో బట్ట పేరూ పిలిచి, దాన్ని వేలాడదీసినట్టు చెయ్యి గాలిలో ఆడించింది. "సవతి చూపు, యుద్ధం తినేసింది. ఏడు చేపల నీలం, యుద్ధం తినేసింది." ప్రతి పేరుకూ ఆడవాళ్ళు ఏడ్చారు. కేటాలో ఏ ఆడదానికీ అంత ఏడుపు జరగలేదని తర్వాత చెప్పుకున్నారు. కొకుయి తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని, పేర్లు వరసలో సరిగ్గా వస్తున్నాయో లేదో వింటూ ఉంది.

వేలంలో గిడ్డంగిని ఇంగ్లీషు కంపెనీ ఒకటి కొన్నది. వసారాలో మళ్ళీ సంచులు వచ్చిపడ్డాయి. మొదటి రోజు కొకుయి ఒక సంచి అంచు మడిచి, మడతలో తాళంచెవి పెట్టి, పోగును రెండుసార్లు వెనక్కి తిప్పి మెలేసి కుట్టింది. సాయంత్రం పడవవాళ్ళు కొబ్బరి నింపిన ఆ సంచిని మిగతావాటితో పాటు ఓడ దగ్గరికి తీసుకుపోయారు. ఆమె ఇంకో సంచి ఒళ్ళోకి లాక్కుంది.