దగ్గుకూ దగ్గుకూ నడుమ

కేజీఎఫ్‌లో కోలారు బంగారు గనుల కార్మికుల కోసం ఒకే గోడ పంచుకుంటూ కట్టిన వరస ఇళ్లను మేం లైను అంటాం. మా లైనులో ఎవరైనా దగ్గితే ఎవరూ తల తిప్పి చూడరు. గనిలో పనిచేసిన ముసలివాళ్లు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు, దగ్గూ ఉంది. మామ దగ్గు నేను కాపురానికి వచ్చిన రోజే విన్నాను. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని డాక్టరు ఎప్పుడో చెప్పాడట. "బంగారం వాళ్లు తీసుకున్నారు, దుమ్ము నాకిచ్చినారు" అని ఆయన నవ్వేవాడు. నవ్వితే మళ్లీ దగ్గు వచ్చేది.

రెండో లాక్‌డౌన్‌లో నా భర్త మాలూరు ఫ్యాక్టరీలోనే చిక్కుకుపోయాడు. వాళ్లను లోపలే ఉంచి పని చేయించుకున్నారు. ఇంట్లో నేను, మామ, మూడో తరగతి చదివే నా కూతురు మిగిలాం. ఉన్నది ఒక్క ఫోను. దానికి సిగ్నలు అందేది మామ మంచం పక్కనున్న కిటికీ దగ్గరే. పాప పొద్దున్నే తల దువ్వుకుని, పైన యూనిఫాం చొక్కా, కింద నైట్ ప్యాంటుతో ఆ మంచం మీద కూర్చునేది. అంత చిన్నపిల్లలకు ఫోన్లో చదువు చెప్పొచ్చని కనిపెట్టిన మహానుభావుడికి పిల్లలున్నారో లేదో నాకు తెలియదు.

మిస్ పేరు పిలిస్తే మైకు తీసి, "ప్రెజెంట్ మిస్" అని, మళ్లీ మూసేయాలి. తీసినప్పుడు తాత దగ్గితే క్లాసంతా వింటుంది. మొదట్లోనే ఎవరో పిల్లవాడి తల్లి "అక్కడెవరికో కరోనా ఉన్నట్టుంది మిస్" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఫోను లాక్కుని, "అది మైన్స్ దగ్గు మేడం. మీ కరోనా పుట్టకముందు నుంచి ఉండాది" అన్నాను.

అయినా పాపకు సిగ్గేసినట్టుంది, తనే ఒక ఉపాయం కనిపెట్టింది. తాత దగ్గు ఆగి, మళ్లీ మొదలయ్యేలోపు కొంచెం సందు ఉంటుంది. ఆ సందులో మైకు తీసి ప్రెజెంట్ చెప్పేసేది. ఎక్కాలు కూడా ముక్కలు ముక్కలుగా అలాగే అప్పజెప్పేది. తాత నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, ఇప్పుడు చెప్పమని కళ్లతో సైగ చేసేవాడు. ఇద్దరికీ అదొక ఆట. చూసి నేనూ నవ్వుకునేదాన్ని.

ఒక రోజు సంగటి కెలుకుతుంటే, మిస్ పాప పేరు పిలవడం వినిపించింది. మళ్లీ పిలిచింది. జవాబు లేదు. ఆబ్సెంట్ అని తర్వాతి పేరుకు వెళ్లిపోయింది. తెడ్డు పట్టుకునే పరుగెత్తాను.

"నోరు పడిపోయిందా? ఇంట్లో కూచోనుండి ఆబ్సెంటా?"

"సందు దొరకలే మా. తాత ఆపితే కదా చెప్పేది." మైకు మూసి తాత వైపు చూపించింది. "ఇది ఆ దగ్గు కాదు మా. ఇది వేరే."

"ఏం వేరే? గాలికి దుమ్ము లేస్తా ఉండాది, ఊరంతా దగ్గతానే ఉండారు."

"కాదు మా. మొన్నటి నుంచి మారిపోయింది."

మామ ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపాడు. మాట్లాడలేకపోతున్నాడని నాకప్పుడు తెలిసింది. ఒంటిమీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. పక్కింటి పెద్దమ్మను పిలిస్తే, వాకిట్లోనే నిలబడి, "మీ మామకు ఎప్పుడూ ఉండేదే కదమ్మా" అని వెళ్లిపోయింది. అప్పుడు చెవి పెట్టి విన్నాను. గోడ అవతల నుంచి కూడా అదే దగ్గు, ఆగకుండా. దాని పక్కింట్లోనూ అదే. ఎన్ని ఇళ్లలో ఉందో, ఎవరికీ తెలియదు.

ఫోన్ చేస్తే అంబులెన్స్ వచ్చింది. ఒళ్లంతా తెల్లగా కప్పుకున్న మనుషులు ఎన్నాళ్ల నుంచి దగ్గని అడిగారు. "గనిలో దిగినప్పటి నుంచి" అన్నాడు మామ, ఎగశ్వాసతో. అలా అంటే వదిలేసి పోతారని ఆయన ఆశ. ఆ రోజుల్లో ఆ బండెక్కినవాళ్లు చాలామంది తిరిగి రాలేదని లైనంతా చెప్పుకుంటోంది.

పాప ముందుకొచ్చింది. "కాదు సార్. ఆ దగ్గు వేరే. ఇది మొన్న వచ్చింది" అంది. వాళ్లు ఇంకేమీ అడగలేదు. మామను ఎక్కించారు. ఆయన దాని తల నిమరబోతే ఆపేశారు.

మామ తిరిగి రాలేదు. నువ్వు చెప్పింది మంచికే పాపా, ఇంకా ముందే తెచ్చుంటే బాగుండేదని డాక్టరే అన్నాడు అని ఎన్నిసార్లు చెప్పానో. వినేది, తల ఊపేది.

ఇప్పుడు అది ఏడో తరగతి. మొన్న వానల్లో అన్నం వద్దని ముడుచుకుని పడుకుంది. దుప్పటి లాగి చూస్తే కాగే జ్వరం. రెండు రోజులుగా ఉందట. "నోరు తెరిచి చెప్పేదానికేమే?" అని కసిరాను.

"చెప్తే బండొస్తాది మా" అంది.

నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు. జ్వరం మాత్రలకే తగ్గిపోయింది. ఈ పిల్ల నాకు చెప్పకుండా ఇంకా ఏమేం దాచుకుంటుందో అన్న భయం మాత్రం నన్ను వదల్లేదు.