నిమ్మవాసన జామాయిల్

నేను మాచర్లలో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెప్తాను. కరోనా రెండోసారి వచ్చిన ఏడు మా అత్తమ్మకు జ్వరం తగ్గింది కానీ వాసన తెలియకుండా పోయింది. మొదట్లో ఎవరికీ చెప్పలేదు. ఏది వడ్డించినా "బాగుందిలే" అని తినేది. ఒకరోజు తాలింపు మధ్యలో పొయ్యి కట్టేసి, వంటింటి గడప మీద కూర్చుండిపోయింది.

"ఇహ నువ్వే చేసుకో అమ్మాయ్. ఆవాలు వేగినయ్యో మాడినయ్యో కూడా నాకు తెలవటల్లేదు" అంది.

ఆమె వంటంతా ముక్కుతోనే. ఉప్పు కూడా రుచి చూసి వేసేది కాదు. ఆ తర్వాత చాలా రోజులు ఆమె వంటింట్లోకి రాలేదు.

ఘాటైన వాసనలు రోజూ చూపిస్తూ ఉండమని, ఓపిక పట్టమని డాక్టరు చెప్పాడు. లవంగం ఇస్తే, "ముక్కు కింద మేకు పెట్టినట్టుంది, వాసనే లేదు" అని పక్కన పడేసింది.

అప్పుడు నాకు మా కాలేజీ వెనక ఉన్న జామాయిల్ గుర్తొచ్చింది. తోటలుగా వేసే మామూలు రకం కాదది. ఆకు నలిపితే నిమ్మకాయ వాసన గుప్పుమంటుంది. ఒక సాయంత్రం రెండాకులు తెచ్చి ఇచ్చాను. వాసన చూసి తల అడ్డంగా ఊపింది. తర్వాత ఊరికే కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఇదేందే, ఆకు నిండా చిల్లులున్నయ్?"

"చిల్లులు కాదత్తమ్మా, నూనె తిత్తులు. వాసనంతా వాటిలోనే ఉంటుంది."

"అయితే వాసన ఉంది. నాకే అందటల్లేదు" అంది మెల్లగా.

రోజూ ఆకు తెచ్చేదాన్ని. చలికాలం చివర్లో, చెట్టును చూడాలని తనే అడిగింది. ఆదివారం ఆటోలో తీసుకెళ్లాను. కొత్తగా సున్నం కొట్టినట్టున్న మానును చేత్తో నిమిరింది. పలచటి బెరడు పెచ్చులు రాలాయి, అరచేతికి తెల్లటి పొడి అంటింది. పైకి చూసి, "ఇంత చెట్టు పెట్టుకుని నీడే లేదే?" అంది.

ఆకులు పరుచుకోకుండా నిలువుగా కిందికి వేలాడతాయని, నడినెత్తి ఎండ వాటి మొహాన పడదని చెప్పాను.

"మా రెంటచింతలోళ్ల లాగానే. ఎండకి మొహం తిప్పుకుని బతుకుతయ్యన్నమాట!"

ఆమె పుట్టిల్లు రెంటచింతల, ఎండలకు పేరుమోసిన ఊరు. జ్వరం తర్వాత ఆమె నవ్వగా చూడడం అదే మొదటిసారి.

కింద రాలిన ఒక మొగ్గను గోటితో గిల్లింది. చిన్న టోపీ ఊడి, లోపలి నుంచి తెల్లటి దారాల కుచ్చు విచ్చుకుంది. రేకులేవని అడిగింది. అన్నీ అతుక్కుపోయి ఆ టోపీ అయ్యాయన్నాను. దీని సొంత ఊరు ఆస్ట్రేలియా అని, అక్కడా మన వైపు లాంటి రాళ్ల గుట్టల మీదే పెరుగుతుందని చెప్పాను.

"ఎండా, రాళ్లూనా? అయితే మనోళ్లే" అంటూ మానును మళ్లీ నిమిరింది.

అప్పటి నుంచి ఆదివారాలు చెట్టు దగ్గరికి వెళ్లడం మాకు అలవాటైంది. తొలకరి పడ్డాక ఒకసారి, తన చెల్లెలి కబుర్లేవో చెబుతూ ఆకు నలుపుతున్న ఆమె ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఉండు... ఏమే, నిమ్మతొక్క! పచ్చి నిమ్మతొక్క వాసన!"

నేను ఎన్నోసార్లు చెప్పాను కాబట్టి అలా అనిపిస్తోందేమోనని భయం వేసింది. కళ్లు మూసుకోమని ముందు వేపాకు నలిపి ముక్కు దగ్గర పెట్టాను. "ఏం లేదు" అంది. తర్వాత జామాయిల్ ఆకు పెట్టాను. నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది, వదల్లేదు. మూసిన కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. నేనూ ఏడ్చాను.

ఆకు వల్లే నయమైందని నేననను. దానంతటదే వచ్చి ఉండొచ్చు. ఆమె మాత్రం చెట్టే ఇచ్చిందంటుంది. నేను వాదించను.

మిగతా వాసనలు వాటికి తోచిన వరసలో వచ్చాయి. అగరొత్తి, గోంగూర, చాలా ఆలస్యంగా మల్లెపూలు. ఇప్పుడు వంటిల్లు మళ్లీ ఆమెదే. కాఫీ మాత్రం కాలిన తాడు వాసనేస్తోందంటుంది. ఇంట్లో అందరం టీకి మారాం.